గుసగుసల డాక్టరూ, నా కుడికాలూ

మా ఇంటి హెడ్డాఫీసుకు,

నేను కులాసా. నువ్వూ, అమ్మాయీ, మీ అమ్మగారి మోకాళ్ళూ కులాసా అనే అనుకుంటున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని మళ్ళీ అడగకు. ఈ చికిత్సా కేంద్రంలో ఫోన్లు గుమ్మం దగ్గరే లాగేసుకుంటారని చెప్పానుగా. మనశ్శాంతికి అడ్డమట. ఇంటి కబురు తెలియనివాడికి మనశ్శాంతి ఎక్కణ్ణుంచి వస్తుందో ఈ మేధావులకే తెలియాలి.

నీ ఉత్తరం అందింది. తిండి బాగానే ఉంది, ఉప్పూ కారం తప్ప అన్నీ వేస్తున్నారు. స్వెటర్ వేసుకుంటున్నాను. అమ్మాయి సైకిలు బ్రేకులు నేనొచ్చి బిగిస్తాను. మూల మీది షాపువాడికి మాత్రం ఇవ్వకు, వాడు బ్రేకు బిగిస్తే బెల్లు ఊడుతుంది. నా కాలు సంగతి కూడా అడిగావు. దానికి తరవాత వస్తాను.

ముందు డాక్టరు గురించి విను. పట్టాల మీదికొచ్చి నిలబడి నా రైలు కింద పడి పోయిన ఆ మనిషి విషయంలో డ్రైవరు తప్పేమీ లేదని తేల్చేసి, మా ఆఫీసువాళ్ళు నన్ను ఈయన చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నారు కదా. హిప్నోథెరపీతో మనసు గాయాలు మాన్పుతాడట. పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడతాడు. టవలు కావాలన్నా గుసగుసే. గదిలో కర్టెన్లు వేసి, మమ్మల్ని వాలు కుర్చీల్లో పడుకోబెట్టి, మూలన ప్లాస్టిక్ ఫౌంటెన్ ఆన్ చేస్తాడు. దాని చప్పుడు వింటే శాంతి మాట దేవుడెరుగు, బాత్రూము గుర్తొస్తుంది.

"మెట్లు దిగుతున్నారు... మెల్లగా... ఒళ్ళు బరువెక్కుతోంది..." ఇదీ ఆయన మంత్రం. పరంజా మీంచి పడిన పెయింటరుకీ అవే మెట్లు! మెట్టు అనే మాట వినగానే అతను రెండు చేతులా కుర్చీని కరుచుకున్నాడు. ఇంత చదువూ చదివి, ఎవరికి ఏ మాట చెప్పాలో ఆ మాత్రం తోచదా?

ఇంతకీ ఈ బడిలో ఫస్టు మార్కు నాదే, నవ్వకు. అందరికంటే లోతుకు దిగుతున్నది నేనేనట. కళ్ళు మూసుకుని పడుకుంటే నా కుడికాలు ఉండుండి నేలను నొక్కుతోందని కనిపెట్టి మురిసిపోయాడు. "చూడండి, ఆ కాలు ఆయనకి తెలియకుండానే కదులుతోంది. మనసంతా నాకు అప్పగించేశారు" అని అందరినీ పిలిచి చూపించాడు. సంతలో ఎద్దుని చూసినట్టు చూశారు నన్ను.

చూసినవాళ్ళలో ఒక వంటావిడ ఉంది. స్కూల్లో వండేది. సిలిండర్ పేలిన దగ్గర్నుంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడుకే వణుకు. కళ్ళు మూయనంటే మూయనని భీష్మించుకుని కూర్చునేది. ఈ పొద్దున లేచేసరికి వంటగదిలో తనే పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఆ టీ గురించి చెప్పాలంటే, వేడి నీళ్ళకి రంగు వేసింది, అంతే. మొదటి గ్లాసు నా చేతికే ఇచ్చింది.

"తాగన్నయ్యా. నువ్వంత ధైర్యంగా కళ్ళు మూసుకోవడం చూసే నేనూ మూసుకున్నా. లేకపోతే ఈ జన్మలో పొయ్యి దగ్గరికి పోయేదాన్నా?"

తాగకుండానే ఆ గ్లాసు పట్టుకుని బయటికొచ్చేశాను.

ఇక కాలు సంగతి. మంచంలో ఇంకా తొక్కుతోందా అని అడిగావు. తొక్కుతోంది. పగలు కూడా. నేను ఒక్కరోజు కూడా ఆ మెట్లు దిగలేదు. డ్రైవరు మేలుకునే ఉన్నాడని ఇంజనుకు తెలియడానికి మేం తొక్కే పెడల్ నీకు తెలుసుగా, తొక్కడం మానేస్తే బండి దానంతటది ఆగిపోతుంది. ఆ కుర్చీలో కూడా నేను దాన్నే తొక్కుతున్నాను, నిద్ర పట్టకుండా. నా ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఆయన గొంతు నిజంగానే పనిచేస్తుంది. ఒళ్ళు బరువెక్కుతుంది, కిందికి లాగుతుంది. కింద పట్టాలుంటాయి. ఆ మనిషి ఇటు తిరిగి నా మొహంలోకి చూస్తుంటాడు. నాకు భయం. నీకు కూడా చెప్పుకోలేనంత భయం.

నిన్న డాక్టరు నన్ను ఫిట్ అన్నాడు. సోమవారం నుంచి బండి ఎక్కమన్నాడు. వీణ్ణి భలే బోల్తా కొట్టించానని లోపల సంబరపడ్డాను కూడా. పొద్దున ఆ టీ గ్లాసు పట్టుకున్నాక తట్టింది. నా వెనక పెట్టెల్లో కూడా అంతమంది నన్ను నమ్మే కదా కళ్ళు మూసుకునేది.

వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. డాక్టరు మొహం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ నన్ను వెధవని చేశారా!" అని గది దద్దరిల్లేలా అరిచాడు. ఫౌంటెన్ చప్పుడు వినబడలేదు. ఆ అరుపు విన్నాకే నాకు ఆయన మీద కాస్త నమ్మకం కుదిరింది.

ఫిట్ అన్నమాట వెనక్కి తీసుకున్నాడు. మధ్యాహ్నం చెప్పులు విప్పించి, కాళ్ళు రెండూ స్టూలు మీద పెట్టించాడు, తొక్కడానికి కింద ఏమీ లేకుండా. వంటావిడని పక్కన కూర్చోమని నేనే అడిగాను. కొన్ని మెట్లు దిగాను. వణికాను, ఏడ్చాను, లేచేశాను. రేపు మళ్ళీ.

మళ్ళీ బండి ఎక్కనిస్తారో లేదో తెలియదు. ఇంటికి రావడం మాత్రం ఆలస్యమవుతుంది. సైకిలు ఆ మూల మీది షాపువాడికే ఇచ్చెయ్. బెల్లు ఊడితే ఊడింది.

ఇట్లు,
ఇంకా కాలు కుదురుకోని
మీ ఆయన