దేవుని చెక్క మీద కాలు

శుక్రవారం, కోరుట్ల.

ఎదురు మాట్లాడడం నాకు చేతకాదు కనుక ఈరోజు కలం పట్టాను. విడి చెక్కలుగా వచ్చిన కొత్త దేవుని మందిరాన్ని బిగించే ముందు ప్రతి చెక్కకూ పసుపు రాసి బొట్లు పెట్టాను. దాంతో ఏది ఎక్కడో చెప్పే గుర్తులు కనబడకుండా పోయాయి.

"దుబాయిల గిసొంటియి ఎన్ని బిగించిన! నీ పసుపే ఆగం జేసింది," అని మా ఆయన ఆడబిడ్డ ముందు అరిచారు. చెక్క మీద కాలు పెట్టి సుత్తి ఎత్తారు.

"జర కాలు తియ్యుండ్రి, దేవుడు కూసునే చెక్క," అన్నాను.

"ఇంక కూసోలే గదనే!"

చెక్క పగిలింది. నాకు సంతోషమైంది.

ఇప్పుడు బంకతో అతికించి, రేపు అందులోనే దీపం పెట్టమంటున్నారు. ఆయన కాలు పెట్టిన చోట నేను దీపం పెట్టను.

అమ్మా లక్ష్మీ, ఈ పేజీ నీ పటం వెనుక పెడుతున్నాను. దాచు, ఎవరికీ చూపకు.