మెడ చుట్టిన గుండీ

అక్కకు,

నీ ఉత్తరం ఉల్లిపాయల లారీ డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. క్షేమసమాచారాలు కూడా లేకుండా మొదటి వాక్యంలోనే అడిగేశావు. మీ ఆస్పత్రికి తెచ్చిన తిరుగుబాటువాడి కోటు నువ్వు కత్తెరతో కోస్తుంటే గుండీల కింద దారం వెనక్కి తిరిగి కనిపించిందట. అది నా పనేనా అని అడిగావు. నాదే అక్కా. అమ్మది ఎడమచేతి వాటం. మనిద్దరం కుడిచేతివాళ్లమే అయినా ఆవిడ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాం. అందుకే గుండీకీ బట్టకీ మధ్యనుండే మెడకి దారం అందరూ చుట్టే వైపు కాకుండా వెనక్కి చుడతాం. ఇలా తప్పుగా కుట్టేవాళ్లం లోకంలో మనిద్దరమే ఉంటాం.

రెండేళ్లుగా మా కుట్టు కార్ఖానా వెనక గదిలో నా పని అదే. ముందు గదిలో ఇక్కడి సైన్యానికి కోట్లు తయారవుతాయి. వాటిలో నాలుగు వందలు ఏటా చలికాలం ముందు నా బల్ల మీదికి వస్తాయి. లోపలి లేబుల్ కత్తిరించాలి, ప్రభుత్వ ముద్ర ఉన్న ఇత్తడి గుండీలు పీకాలి, ఏ ముద్రా లేని నల్ల గుండీలు కుట్టాలి. ఎక్కడికి పోతాయని మేస్త్రీని అడిగితే "చలి ఉన్న చోటికి" అన్నాడు. నేను ఊరుకునే రకమా? పెట్టెలు ఎత్తడానికి వచ్చినవాళ్లతో మాటలు కలిపి కూపీ లాగాను. సరిహద్దు దాటి మీ దేశంలోకి, మీ ప్రభుత్వంతో పోరాడుతున్నవాళ్లకే పోతున్నాయి. బావ నడిపే రైలు వాళ్లున్న లోయలోంచే వెళ్తుందని తెలిసీ కుట్టాను. కిందటేడు చౌకీ మీద దాడిలో తమ్ముడి కాలు పోయాక ఇల్లు నా పని మీదే నడుస్తోంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోవడం లేదు. నీకు చెప్పకుండా దాచినందుకు సిగ్గుగా ఉంది.

ఆ సిగ్గు ఒక పక్కనుండగానే ఒక ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. మాకూ మీకూ యుద్ధం లేదు. మీ మంత్రి వస్తే మా మంత్రి పూలగుత్తి ఇచ్చి ఫొటో దిగుతాడు. మరి మీ ఇంటి తగాదాలో ఒక పక్షానికి మా ప్రభుత్వం కోట్లు ఎందుకు పంపుతోంది? చిన్నప్పుడు మీరంతా కలిసి నాకు తగిలించిన పేరుకి న్యాయం చేస్తాను. కనుక్కుని రాస్తాను. ఈలోగా బావని సెలవు పెట్టమను.

నీ ఎందుకమ్మ

*

అక్కా,

కింది వాటాలో ఉండే చరిత్ర మాస్టారు రిటైరయ్యాక మొక్కలకి నీళ్లు పోసుకుంటూ ప్రశాంతంగా ఉన్నారు. వారం రోజులు ఆయన బుర్ర తిన్నాను. మాకు ఎగువన నది మీద మీవాళ్లు కట్టబోతున్న ఆనకట్ట ఒక కారణమట. మీ సైన్యం సొంత లోయలో తలమునకలై ఉంటే మా సరిహద్దు వైపు చూసే తీరిక ఉండదన్నది ఇంకొకటట. పైగా ఇక్కడి సైనికుడొక్కడూ చావనక్కర్లేదు, ఎవరైనా అడిగితే మాకేం తెలియదనొచ్చు. ఆ లోయవాళ్లూ ఇక్కడివాళ్లూ ఒకే కులస్థులని సభల్లో చెబుతారే, ఆ అభిమానం మాటేమిటని అడిగాను. ఆయన చెంబు కింద పెట్టి, నీ బల్ల మీదికి ఏటా ఎన్ని కోట్లు వస్తాయన్నారు. నాలుగు వందలేనన్నాను.

"అభిమానమే అయితే గెలిచేటన్ని పంపేవాళ్లమ్మా. వాళ్లు ఓడిపోకుండా ఉండేటన్నే పంపుతున్నారు."

తమ్ముణ్ణీ అడిగాను. వాడు కుర్చీలోంచే నా మీద విరుచుకుపడ్డాడు. ఇక్కడి కొండల్లో తన చౌకీ మీద పడ్డ తిరుగుబాటువాళ్లని పెంచి పోషిస్తున్నది మీ ప్రభుత్వమేనట, మొదలుపెట్టింది మీరేనట. ఈ మాట మాస్టారికి చెబితే, అక్కడివాళ్లని అడిగితే మనమే మొదలుపెట్టామంటారు, అసలు కాగితాలు రెండు చోట్లా తాళాల్లోనే ఉన్నాయి అన్నారు.

నాకు ఒక్కటి మాత్రం అర్థమైంది. దాచగలుగుతున్నారు కాబట్టే పంపుతున్నారు. దాచిపెట్టేది నా కత్తెర. సోమవారం కొత్త సరుకు వస్తోంది. ఈసారి ప్రతి పదో కోటుకీ లేబుల్ ఉంచేస్తాను. లోకానికి తెలిస్తే సిగ్గుపడి ఆపుతారు. పట్టుబడితే నన్నేం చేస్తారో తెలుసు, భయంగానే ఉంది. అయినా బావ రైలు కన్నా నా భయం ఎక్కువ కాదు.

నీ ఎందుకమ్మ

*

చెల్లాయికి,

ఈ ఉత్తరం సోమవారం లోపల అందాలని డ్రైవరుని బతిమాలాను. ఆ పని చెయ్యకు. నేను కోసిన కోటు కోసం మర్నాడే ఇక్కడి అధికారులు వచ్చారు. ఎవరు పంపారో తేల్చే ఆధారం ఒక్కటి దొరికితే చాలట, మీ మీదికి సైన్యాన్ని నడిపించడానికి. అప్పటికే గుండీలన్నీ కత్తిరించి జేబులో వేసుకున్నాను. లేబుల్ దొరికితే మీవాళ్లు సిగ్గుపడరే పిచ్చిదానా, యుద్ధమే వస్తుంది. పని మానాలనిపిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పి మానెయ్. బావ సెలవు పెట్టడు. ఆ లోయ ఊళ్లకి వేరే బండి లేదంటాడు.

నిన్ను నిలదీసినట్టు రాశాను గానీ, ఆ ముఖం నాకు లేదు. మా ఆస్పత్రి వెనక ఒక వార్డుంది. అక్కడ చేరినవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కవు. మూడేళ్ల కింద మొదటిసారి నన్ను అక్కడ డ్యూటీకి వేశారు. మంచం మీది మనిషి మంచినీళ్లడిగాడు, మన భాషలో. పెళ్లయి ఇక్కడికొచ్చిన పన్నెండేళ్లలో నీ ఉత్తరాల్లో తప్ప ఆ భాష ఎరగనే! వాళ్లెవరో నాకు తెలియకపోలేదు. మన కొండల్లో మన సైన్యంతో పోరాడి దెబ్బలు తిని వచ్చినవాళ్లు. ఇక్కడ నయం చేసి, బూట్లిచ్చి, మళ్లీ పంపిస్తారు. నాకేమో డ్యూటీ అయిపోయినా కదలబుద్ధి అయ్యేది కాదు. ఇంటి నుంచి వండి తీసుకెళ్లాను. మన వైపు వానలు పడ్డాయా అని అడిగాను. ఒకడి కాలు తీసేయాల్సిందేనని డాక్టరంటే, తీయొద్దని పోట్లాడి నలభై రోజులు కట్లు కట్టి నిలబెట్టాను. అతను నడిచి వెళ్లిన నెలకే తమ్ముడి చౌకీ మీద దాడి జరిగిందని నువ్వు రాశావు.

ఆ దాడిలో అతనున్నాడో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. ప్రభుత్వాలు ఎందుకు చేస్తాయో మీ మాస్టారు చెప్పినవన్నీ నిజమే అయి ఉంటాయి. నేను మాత్రం మన మాట వినబడిందని చేశాను. ఏడాదిగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, బావకి కూడా.

దీన్ని తమ్ముడికి చదివి వినిపించు. వాడు తిట్టినా సరే, నాతో మాట్లాడటం మానేసినా సరే, ఒక్క ముక్క కూడా దాచకు. ఆ వార్డులో నయమై వెళ్లిన ప్రతివాడూ గుమ్మం దగ్గర ఆగి, వాడు పిలిచినట్టే నన్ను అక్కా అని పిలిచి వెళ్లాడని కూడా చెప్పు.

మీ
అక్క