మెకానిక్‌కి నిజం చెప్పండి

ఏవండీ,

పదింటికి మెకానిక్ వస్తాడు. బండి తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. పోయినసారిలా కన్నకొడుకుని వెనకేసుకొచ్చినట్టు బండిని వెనకేసుకురాకండి. "పదేళ్ల బండైనా వెన్నలా పోతుందయ్యా" అని మీరంటే, అతను నమ్మి ఆయిలు మార్చి వెళ్లిపోయాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బ్రేకు తొక్కితే కీచుమంటోంది, స్టీరింగు వణుకుతోంది. ఏసీ వేసి ఎత్తు ఎక్కితే ఇంజన్ వేడెక్కుతోంది. ఇప్పుడైతే బ్రేకు ప్యాడ్లతో పోతుందట, ఇంకా నానిస్తే డిస్కులూ మార్చాలట, ఖర్చు మూడింతలట. చప్పుడు వినపడకుండా పాటల సౌండు పెంచడం రిపేరు కిందికి రాదు.

పాత బండి కొన్నారని మిమ్మల్నెవరూ తక్కువగా చూడరు. ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని స్కూలు దగ్గరి దిగుడులో ప్రాణం అరచేతిలో పెట్టుకుని బ్రేకు తొక్కేది మాత్రం నేను. అందుకే ఈరోజు వాళ్లని బస్సులో తీసుకెళ్తున్నాను.

అన్నట్టు, వెనక తలుపు సొట్ట గురించి అడిగితే పక్కింటాయన పేరు చెప్పకండి. గేటుకి తగిలించింది నేనే. మీరు ఆయనతో మాట్లాడి నాలుగు నెలలైంది, ఈ పూటే వెళ్లి పలకరించండి. కోపం నా మీద చూపించుకోండి, నేనెలాగూ సాయంత్రం దాకా ఇంట్లో ఉండను.