ఎత్తు తగ్గించిన రేసుకారు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దొర దగ్గర నువ్వు కొన్న పాత రేసుకారుకు తమ్ముడు స్ప్రింగు పట్టీలు కొన్ని తీయించి ఎత్తు తగ్గించాడు.

"కిందికుంటే మలుపుల్లో పట్టు బాగుంటాదక్కా" అన్నాడు. మన కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు చూపిస్తానని గిద్దలూరులో నన్ను ఎక్కించుకున్నాడు.

నల్లమల ఘాటు మలుపులో ముందు చక్రం మడ్‌గార్డుకు ఒరుసుకుని ఇరుక్కుంది. స్టీరింగు తిరగలేదు. వాడు బ్రేకు తొక్కితే కారు సరిగ్గా లోయ అంచున ఆగింది.

"అక్కా, నా వైపు నుంచి మెల్లగా దిగు" అన్నాడు. నేను సీటు పట్టుకుని కూర్చుండిపోయాను. వాడే చెయ్యి పట్టి లాగాడు.

"నాయన ఉంటే నన్ను కొట్టేవాడు గదక్కా?"

"కొట్టేవాడురా" అన్నాను.

ఇద్దరం కొండకు ఆనుకుని కూర్చున్నాము. కారు దగ్గరికి పోయే ధైర్యం ఇద్దరికీ లేదు. చాలాసేపటికి బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కూడా వాడు నా చెయ్యి వదల్లేదు.