మా హీరోని ఏమీ అనొద్దు

జూన్ 4
సినిమా చూసొచ్చాం. నా కళ్ళు వాచిపోయాయి. తుఫానులో హీరోయిన్ పడవ వెనకాలే ఈదుకుంటూ వెళ్ళి, ఆమె చెయ్యి అందుకుని, చచ్చిపోతాడు. ప్రేమంటే అదీ! పక్క సీట్లో మా ఆయన. మత్స్యశాఖలో ఉద్యోగం. హెచ్చరిక ఉండగా సముద్రంలోకి దిగడం తప్పు కదా అన్నారు. థియేటర్లో. గట్టిగా.

జూన్ 5, మధ్యాహ్నం
కింది వాటా అంబుజమక్కదీ ఆయన పార్టీయే. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే. యానాం నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళకి సెంటిమెంట్ ఎక్కువని ఆవిడ నమ్మకం. ఏంది తాయారూ, వాడికి అమ్మానాయనా లేరా, ఉద్యోగం యాడ, అంటుంది. నేనూ వదల్లేదు. ఒక మనిషి కోసం ఇంకో మనిషి అంతలా కాలిపోవడం బయట ఎక్కడా దొరకదు, అందుకే టికెట్ కొంటున్నాం, ఆచితూచి బతికేవాళ్ళని చూడ్డానికైతే ఇంట్లోనే కూర్చోవచ్చు అన్నాను.
మెట్ల మీద ఈయన ఉన్నారని తర్వాత తెలిసింది.

జూన్ 6
మాటల్లేవు. రసంలో ఉప్పు లేదని కూడా అనలేదు.

జూన్ 9
గ్యాస్ అయిపోయింది కాబట్టి మాట్లాడుకున్నాం. ఇన్నేళ్ళలో నాకోసం ఏం చేశారని అడిగాను. కళ్ళజోడు తుడుచుకుని, నీకు ఈ ఊరు నచ్చిందని ట్రాన్స్‌ఫర్ అడగలేదు అన్నారు. అది ప్రేమ ఎలా అవుతుందో చెప్పమంటే పేపర్ తీశారు.

జూన్ 15, ఆదివారం
చేపలకని ఊరి చివర జాలర్ల పేట పిళ్ళైచావడి వెళ్ళాం. ఒడ్డున కాళ్ళు తడుపుకుంటుంటే చేతిలోంచి ఒక చెప్పు జారింది. అల లాక్కుపోయింది. అయ్యో అన్నానంతే. ఈయన ప్యాంటుతో, ఫోనుతో, కళ్ళజోడుతో నీళ్ళలోకి పరిగెత్తారు. ఈయనకి ఈత రాదు! ఆఫీసులో ఎవరికీ తెలీదు ఆ సంగతి. నడుం దాకా, మెడ దాకా. తర్వాత తల కనబడలేదు. నేనెలా అరిచానో నాకే తెలీదు. వల బాగుచేసుకుంటున్న మణిమారన్ అనే ఆయన దూకి, కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.
ఇసకలో కూలబడ్డ మనిషిని అందరి ముందూ తిట్టాను. పిచ్చా మీకు, చెప్పు పోతే పోయింది, మీరు పోతే నేనేం కాను అని. ఈయన ఉప్పునీళ్ళు కక్కుకుంటూ, కొత్త చెప్పులు కదా, అన్నారు.

జూన్ 16
ఇద్దరికీ పిచ్చే అంది అంబుజమక్క. కోపం రాలేదు.
హీరోని నేనిప్పటికీ వెనకేసుకొస్తాను. కాకపోతే వాడు పోయాక ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏం చేసిందో సినిమాలో చూపించలేదు. మంచిపని చేశారు. చూపిస్తే మళ్ళీ చూడలేను.

జూన్ 20
అదే సినిమాకి ఈయనే టికెట్లు తెచ్చారు. క్లైమాక్స్‌లో హాలంతా ఏడుస్తుంటే ఈయన గురక. ముందు సీటు అమ్మాయి కోపంగా తిరిగి చూసింది. సారీ చెప్పాను.
లేపలేదు.