కాలువ కట్టేసేలోగా కొరమేను

ఫిబ్రవరి 4, 1998. బుధవారం

పొద్దున్నే మావయ్యగారు గాలానికి నైలాను దారం కట్టబోయి పంచెకి కట్టుకున్నారు. లేచి నాలుగడుగులు వేస్తే వెదురు కర్ర కూడా వెనకాలే వచ్చింది. కుడికంట్లో శుక్లం. ఒప్పుకోరు. "ఇప్పటి దారాలకి నాణ్యం లేదమ్మాయ్..."

అమలాపురం డాక్టరుగారు మార్చి పదహారున ఆపరేషన్ అన్నారు. ఈయనేమో — "లాకుల కింద కొరమేను పడేదాకా నా కన్ను ఎవర్నీ ముట్టుకోనివ్వను." ముప్పయ్యేళ్లు ఆ లాకుల దగ్గరే లస్కరుగా తలుపులు ఎత్తి దించిన మనిషి. ఆ చేప మూడేళ్లుగా తనని చూసి నవ్వుతోందంటారు. ఎండలు ముదిరి కాలువకి నీళ్లు కట్టేస్తే, మడుగులో మిగిలినదాన్ని ఎవడో బుట్టేసి పట్టుకుపోతాడని బెంగ.

ఫిబ్రవరి 7

మస్కట్ నుంచి మా ఆయన పంపిన సామాను వచ్చింది. అందులో ఒక చిన్న రేకు డబ్బా. తెరిస్తే — ఈకలు, వెంట్రుకలు చుట్టిన బుల్లి బుల్లి గాలాలు. వాళ్ల దొర ఉద్యోగం మాని దేశం వెళ్లిపోతూ ఇచ్చాడట. వాళ్ల దేశపు చల్లటి సెలయేళ్లల్లో చేపలు వీటిని ఈగలనుకుని మింగుతాయట.

అత్తయ్యగారు దిద్దులనుకున్నారు. చెవి దగ్గర పెట్టుకుని అద్దం కూడా చూసుకున్నారు.

మావయ్యగారు ఒకటి అరచేతిలో వేసుకుని, ముక్కుదాకా తెచ్చుకుని — "మన కొరమేనుకి ఇది పంటికింద జీలకర్ర."

అన్నారే గాని, డబ్బా మూత పెట్టలేదు.

ఫిబ్రవరి 10

పెద్ద గాలానికి అలాంటిదే చుట్టి ఇమ్మంటున్నారు. "జాకెట్లు కుట్టే చేతికి ఇదెంత పనమ్మాయ్?" మిషను పక్కన కూర్చుని ఎర్రదారం చుట్టాను. మెరుపుకి ఎవరిదో పట్టుజాకెట్టు ముక్కలోంచి జరీ పోగు. బాగానే కుదిరింది. ఈకలే లేవు. మా పెట్టల ఈకలు నీళ్లు తగిలితే ముద్దయిపోతున్నాయి.

మావయ్యగారి చూపు, ఉన్నంతలో, పక్కింటి దొడ్డి మీద పడింది.

ఫిబ్రవరి 11

పక్కింటి సత్తిబాబు గారి పందెంకోడి. డేగ రకం. బాదంపప్పు తినే కోడి. దాని తోక చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి వస్తారు. మావయ్యగారు గుప్పెడు సజ్జలు పట్టుకుని "ఊరికే పలకరించి వస్తా" అని వెళ్లారు. రెండు ఈకలు చాలని చెప్పే పంపాను.

తెచ్చింది పదకొండు.

"రెండే అనుకున్నానమ్మాయ్. సరిగా ఆనలేదు."

కంటి గురించి ఆయన నోటివెంట మొదటి ఒప్పుకోలు.

ఫిబ్రవరి 13

సత్తిబాబు గారు కోడిని చంకలో పెట్టుకుని వచ్చారు. తోక అరిగిపోయిన చీపురులా ఉంది. బలం చాలక రాలుతున్నాయని పశువులాసుపత్రి కాంపౌండరు చెప్పాడట. "చేపలు పెట్టమన్నాడండి బాబాయ్ గారూ. మీ గాలానికేమన్నా పడితే తలకాయలు ఇటు పంపండి."

"ఆయ్, తప్పకుండా. పాపం, నోరులేని జీవి."

నోరులేని జీవి మాత్రం ఆయన్నే చూస్తోంది. నేను లోపలికి పోయి దిండు కరుచుకున్నాను.

ఫిబ్రవరి 18

చలి పొద్దుల్లో చేప అడుగునే ఉంటుందట. కాస్త ఎండెక్కాకే పైకి తేలుతుందట. అందుకని తొమ్మిదింటికి వెళ్లాం. ఆయన విసురుతారు, నేను చెబుతాను. "ఎడమకండి... ఇంకా ఎడమకి... అది కొబ్బరిచెట్టండి."

పడినవి — గుర్రపుడెక్క, ఒక హవాయి చెప్పు, మళ్లీ గుర్రపుడెక్క.

ఫిబ్రవరి 21

ఈ ఈకల గాలాన్ని చేతిలో కర్ర వెనక్కి ఊపి మరీ విసరాలని ఆయనకి ఎందుకో తోచింది. ఊపారు. కర్ర కదల్లేదు.

"పడిందమ్మాయ్! బరువుంది!"

వెనక, గట్టు మీద ఎవరో దారినపోయే మనిషి సైకిలు ఆగి ఉంది. "ఆయ్, పడింది నేనండీ. కాస్త లాగకండి, చొక్కా చిరిగిపోద్ది."

చిరిగేపోయింది. ఇంటికి తీసుకొచ్చి, మజ్జిగ ఇచ్చి, భుజం దగ్గర మాసిక వేసి పంపాను. మనిషి మంచివాడు. వెళ్తూ వెళ్తూ, "ఎర బాగుందండి, ఈకలు ఎక్కడివి?" అన్నాడు. అదే సమయానికి సత్తిబాబు గారు గోడవతల దగ్గారు.

ఫిబ్రవరి 27

ఇవాళ చేప లేచింది. బుడుంగున. నీళ్లమీద పెద్ద సున్నా చుట్టి మాయమైంది.

"చూశావా! చూశావా!" అన్నారు మావయ్యగారు. ఆయన చూస్తున్నది అటువైపు కాదు.

నవ్వు రాలేదు.

మార్చి 5

దొడ్లో బట్టలారేస్తూ అత్తయ్యగారు గొంతు తగ్గించి — "నిన్న కాఫీ గ్లాసు అందుకోబోయి ఉత్త గాలి పట్టుకున్నారే అమ్మాయ్. ఎడంకన్నూ మసకేనంట. నీతో చెప్పొద్దన్నారు."

ఇంక పదకొండు రోజులు. ఈయన పంతం ఈయనదే. ఆ చేప పంతం చేపదే. మధ్యలో నేను జరీ పోగులు చుట్టుకుంటూ...

మార్చి 12. గురువారం

ఆయన క్షవరానికి వెళ్లారు. ఒక్కదాన్నే కాలువకి వెళ్లాను. ఎందుకో... ఊరికే.

మూడో విసురు. నీళ్లు పగిలాయి. కర్ర రెండు చేతులా పట్టుకున్నాను — చెప్పులు కాలువలో, నేను సగం కాలువలో. నల్లటి వీపు, పాములాంటి తల. గట్టున వేస్తే నా మోచేతిని దాటి ఉంది.

నేను పట్టాను! అరుద్దామని నోరు తెరిచాను. మూసేశాను. ఆయనకి ఏమని చెప్పను?

ఇంటికి తెచ్చి కుడితితొట్టి కడిగి అందులో వేశాను. పైన చేట, చేట మీద పొత్రం. అత్తయ్యగారు చప్పుడు విని వచ్చారు.

"పులుసు పెట్టెయ్యనా?"

"వద్దండి. రేపు మావయ్యగారు పడతారు."

నన్నూ తొట్టినీ కాసేపు చూశారు. "అయితే చింతపండు రేపు నానేస్తాలే."

మార్చి 13

పొద్దున్నే బిందెలో వేసి, పైన తుండు కట్టి, లాకుల కింద రేవు మెట్ల పక్కన దాచి వచ్చాను. మళ్లీ తొమ్మిదింటికి ఏమీ ఎరగనట్టు ఆయనతో వెళ్లాను. నాలుగో విసురుకి — "డెక్కకి తగిలిందండి, విడదీసి వస్తాను" అని మెట్లు దిగాను.

బిందె మీది తుండు విప్పాను. నిన్నటి చిల్లు పక్కనే గాలం గుచ్చి వదిలాను. అబద్ధం నాదే గాని, చేప మాత్రం నిజంగానే పారిపోబోయింది. కర్ర విల్లయిపోయింది. మావయ్యగారు మోకాళ్ల మీద కూలబడి, లేచి, మళ్లీ కూలబడి — "వదలనే! వదలనే నిన్ను!" ఒకసారి నిజంగా తెగుతుందనుకున్నాను. సాయం పట్టబోతే కసిరారు. గట్టుకి లాగింది మాత్రం అచ్చంగా ఆయనే.

తర్వాత చేత్తో తడిమారు. వీపు, మొప్పలు, దవడ. దవడ దగ్గర వేలు ఆగింది.

"దీనికి ముందే ఒక చిల్లుందమ్మాయ్."

"ఏ గాలమో తెంపుకుని ఉంటుందండి."

"ఆయ్."

ఇంటికొచ్చి అత్తయ్యగారితో — "సోమవారం బస్సుకి నాలుగు ఇడ్లీ కట్టు. అమలాపురం వెళ్దాం."

తలకాయ గోడ మీదుగా కోడికి వెళ్లింది.

మార్చి 16

అయింది. కంటికి కట్టు, పైన పచ్చగుడ్డ. కదలొద్దని నర్సమ్మ ఎంత మొత్తుకున్నా, చేప పొడవు చూపించడానికి రెండు చేతులూ చాపుతూనే ఉన్నారు.

మార్చి 17

రేపు కట్టు విప్పుతారు. అత్తయ్యగారు ఫ్లాస్కు పట్టుకుని కిందకి వెళ్లారు. నేను మంచం పక్కన బత్తాయి ఒలుస్తున్నాను.

"అమ్మాయ్. ఆ రోజు రేవు మెట్ల మీద బిందె చప్పుడైంది. మనం నీళ్లకి వెళ్లలేదు కదా."

తొన ఒకటి ఆయన చేతిలో పెట్టాను.

"ఇప్పుడొద్దులే. రేపు కట్టు విప్పాక, నీ మొహం చూస్తూ అడుగుతాను. అప్పుడు చెబుదువుగాని."

తొన నోట్లో వేసుకుని హాయిగా నమిలారు.

సాయంత్రం నుంచి వరండాలో, చేతులు కడుక్కునే చోట అద్దం ముందు మూడుసార్లు నిలబడ్డాను. మామూలుగా మొహం ఎలా పెడతానో ఎంతకీ గుర్తు రావడం లేదు.