అమ్మవారు ఆపిన కారు

అక్టోబరు 2, గురువారం
దసరా. ఆయుధ పూజ. ఆయన బానెట్ ఎత్తి, పైపుతో ఇంజను మొత్తం కడిగారు. అత్తయ్య దాని మీదే కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళు లోపల పోసింది. నాకు నెలసరి— ఈ వయసులో దానికీ ఒక వేళ లేదు. గేటు దగ్గరే నిలబడ్డాను.

3, శుక్రవారం
కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు. అత్తయ్య కారణం తేల్చేసింది— "ముట్టుతో మొన్న బండి తోలినావు. అమ్మోరు ఊరుకుంటాదేటి?"
రేపు పాతపట్నం వెళ్ళాలి. పక్షవాతం వచ్చాక అక్కకు తలస్నానం నా చేతి మీదే, శనివారం శనివారం. బస్సులో వెళ్తే రాత్రి వంటకు తిరిగి రాలేను. వంట వేళకు ఇంట్లో ఉండాలి— ఆయన పెట్టిన షరతు అదొక్కటే.

4, శనివారం
వెళ్ళలేదు.

5, ఆదివారం
మెకానిక్ విజయనగరం సిరిమాను జాతరకు పోయాడట. సరే, నేనే చూస్తాను.
లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది— బ్యాటరీ కాదు. పెట్రోలు వాసన వస్తోంది— అదీ కాదు. మిగిలింది స్పార్కు. ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించాను. తాళం తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. ఆయన పేపరు దించలేదు. పక్కింటి సత్యవతి చేపల గంప దించి వచ్చింది.
"ఏటి వదినా, కారుకి కాన్పు సేస్తన్నావేటి?"
"ముందు తాళం తిప్పు."
"పేలిపోతే నా మొగుడు రెండో పెళ్ళి సేసుకుంటాడు, సూసుకో మరి..."
తిప్పింది. స్పార్కు లేదు.

6, సోమవారం
ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల మూత విప్పాను. లోపల తడి. కొబ్బరినీళ్ళు, కుంకుమ కలిసిన ఎర్రటి జిగట. అమ్మవారి కోపం ఈ రంగులో ఉంటుంది కాబోలు.
ఆయనకు చూపించాను. చూశారు. "ఏటో ఒకటిలే... అమ్మతో అనకు."
శుభ్రంగా తుడిచి, ఎండబెట్టి, బిగించాను. వంట వేళయింది, తాళం రేపు తిప్పి చూడాలి.

7, మంగళవారం
పొద్దున్నే పంతులుగారు. శాంతి పూజ. గుమ్మడికాయ కొట్టాక మా ఆయనే తాళం తిప్పారు. ఒక్క తిప్పుకే అందుకుంది.
"సూసినారా!" — అత్తయ్య. ఆయన కూడా చేతులు జోడించారు. నిన్న ఆ మూత చూసిన మనిషే.
"నిన్న నేను—" అన్నాను.
"ఎల్లి సేతులు కడుక్కో. గ్రీజు." — ఆయన.

8, బుధవారం
తాళం దేవుడి గదిలో పెట్టారు. కావాలంటే అడగాలి. అడిగితే, "సుబ్బరంగా ఉన్నావేటి?" అని అత్తయ్య అడుగుతుంది, ఆయన వింటూ ఉండగా. నలభై ఎనిమిదేళ్ళు నాకు.
"బండి నడవాలా, వద్దా?" — ఆయన.

11, శనివారం
అక్క ఫోన్. మాట ముద్దముద్దగా... "బయల్దేరినావేటే? తల దురదెడతన్నాది."
పొద్దున్న మళ్ళీ ముట్టు కనబడింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
అత్తయ్య వాకిట్లో కూర్చుని ఉంది. దేవుడి గది తలుపు తీసే ఉంది, లోపల కారు తాళం.